గాలివాటం: ఫోన్ చేసిన దొంగ

మరిచిపోయినవాళ్ళ కోసం, మరిచిపోతే బాగుండునని కోరుకునేవాళ్ళ కోసం కూడా ఒక్కసారి వెనక్కి చూద్దాం.

కివిస్తె ఊరి చివర, మూతపడ్డ శానిటోరియం వెనక పైన్ చెట్ల మధ్య ఉన్న డిస్క్ గోల్ఫ్ మైదానానికి గేటు లేదు, టికెట్ లేదు, కాపలా లేదు. గొలుసులు వేలాడే ఇనప బుట్టలున్నాయి. దూరం నుంచి వాటిలోకి డిస్కులు విసురుతూ, మధ్యమధ్య ఒకరి మీద ఒకరు కూడా విసుర్లు విసురుకుంటూ సాయంత్రాలు గడిపే జనం ఉన్నారు. పొదల్లో పోయిన డిస్కు ఎవరికి దొరికినా సరే, దాని వెనక రాసున్న నంబరుకి ఫోన్ చేసి ఇచ్చెయ్యాలి. ఈ నియమం ఏ బోర్డు మీదా లేదు. బహుశా అందుకే అందరూ పాటిస్తారు.

అలాంటి చోట మూడు వారాల కిందట తార్వో సంచి పోయింది. పదో బుట్ట దగ్గర బెంచీ మీద సంచి పెట్టి, రెల్లులో పడ్డ డిస్కు కోసం దిగి, తిరిగి వచ్చేసరికి బెంచీ ఉంది, సంచి లేదు. స్కూలు బస్సు నడిపే తార్వోకి కాలి కింద బ్రేకు ఉంది గానీ నోటికి లేదు. ఆ సాయంత్రమే సాసేజీలు కాల్చుకునే పొయ్యి దగ్గర పదిమంది మధ్య నిలబడి, ఆల్డర్ పొదల వెనక బూడిద రంగు కోటులో గెన్నాది వీపుని కళ్ళారా చూశానన్నాడు.

గెన్నాది తూర్పు గనుల వైపు నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన, రష్యన్ మాట్లాడే వెల్డరు. మైదానంలో విరిగిన బుట్టలన్నిటినీ పైసా తీసుకోకుండా అతికించింది అతనే. వారం తిరక్కముందే కార్లు ఆపే చోట ఎవరో ఇద్దరు అతని కుడిచెయ్యి విరగ్గొట్టి వెళ్ళిపోయారు. ఇనుము అతికించే చెయ్యి ఇప్పుడు తనే అతుక్కోవాలని పిండికట్టులో కూర్చుని ఎదురుచూస్తోంది.

ఈ సాయంత్రం కాన్‌స్టేబుల్ ఐవర్ తార్వో ఇంటికి వచ్చి, చూశానన్న మాట మీద సంతకం తీసుకుంటాడు. ఆ సంతకం పడ్డ మరుక్షణం గెన్నాదిని పనిలోంచి తీసేస్తానని ట్రాక్టర్ల షెడ్డు యజమాని ముందే చెప్పేశాడు. ఇక మనం ఆపిన చోటు: సీజన్‌లో ఆఖరి జంటల పోటీ, సన్నటి వాన, పన్నెండో బుట్ట. పక్క దారిలో ఒంటరిగా ఆడుకుంటున్న సల్మె పిన్ని విసిరిన పసుపు డిస్కు గాలికి పక్కకు కొట్టుకొచ్చి తార్వో బూటు పక్కన వాలింది.

* * *

తార్వో వంగి డిస్కు తీశాడు. తిప్పి చూశాడు. వెన్నులో ఏదో చల్లగా జారింది. వాన కాదు, వాన అప్పటికే జారడం అయిపోయింది.

ఆ డిస్కుని ఊళ్ళో ఎవరైనా గుర్తుపడతారు. అంచంతా కుక్క పళ్ళ గాట్లు. వెనకవైపు ఎర్రటి గోళ్ళ రంగుతో సల్మె పిన్ని పేరు, నంబరు, వాటి కింద వంకర అక్షరాల్లో ‘దొరికితే ఫోన్ చెయ్యి, ఆపిల్ కేకు పెడతాను’ అని రాసి ఉంటుంది. ఇంకు నీళ్ళకి పోతోందని రెండేళ్ళ కిందట మనవరాలి గోళ్ళ రంగు ఎత్తుకొచ్చి రాసుకుంది ఆవిడ. ఈ మైదానంలో నిజంగా జరిగిన దొంగతనం అదొక్కటేనని తార్వో పదిసార్లు అని ఉంటాడు.

గుర్తుపట్టడం వింత కాదు. వింత ఏమిటంటే, సంచి పోయిన రోజున ఈ డిస్కుని ఆరో బుట్ట కాలవలోంచి తీసింది తార్వోనే. ప్యాంటుకి తుడిచి, ఇంటికెళ్ళాక ఫోన్ చేద్దాంలే, రేపటికి కేకు ఖాయం అనుకుని సంచిలో పడేశాడు. తర్వాత సంచే పోయింది. తన డిస్కులు పోయిన ఏడుపులో తనది కాని డిస్కు సంగతి మనసులోకే రాలేదు. ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి గుర్తుంటే కదా.

సల్మె పిన్ని రబ్బరు బూట్లు ఈడ్చుకుంటూ వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. ఒక చేతిలో డిస్కులు, ఇంకో చేతిలో పుట్టగొడుగుల బుట్ట. చీకట్లో కార్లవాళ్ళకి కనపడాలని కోటు జేబుకి కట్టిన మెరుపు బిళ్ళ అడుగడుక్కీ ఊగుతోంది. దారికడ్డం వచ్చినందుకు ఏమీ అనుకోవద్దంది. ఈ గాలికి డిస్కే కాదు తనూ ఎగిరిపోయేలా ఉన్నానంది. తార్వో మామూలుగా అయితే ఎగిరితే ఏ నంబరుకి ఫోన్ చెయ్యాలో గోళ్ళ రంగుతో వీపు మీద రాసుకో పిన్నీ అనేవాడు. ఇప్పుడు ఈ డిస్కు మళ్ళీ ఎలా దొరికిందని మాత్రం అడిగాడు.

“మీ బావమరిదే ఇచ్చాడు అబ్బాయ్. నీ సంచి పోయిన మర్నాడు పొద్దున్నే ఫోన్ చేశాడు. ఇంటికి తెచ్చి మరీ ఇచ్చాడు. కేకు కోస్తానంటే ముట్టకుండా వెళ్ళిపోయాడు. ఒంట్లో బాగోలేదేమో పాపం, మొహం అదోలా ఉంది.”

“ఎక్కడ దొరికిందన్నాడు?”

“అడగలేదు. ఆరో బుట్ట కాలవలో పోయిందని నేనే అన్నాను. దొరికిందన్నాడు, ఇచ్చాడు. ఇంకేం అడుగుతాం?”

అవును, ఇక్కడ ఎవరూ అడగరు. ఆవిడ డిస్కు తీసుకుని, దారిలో కనిపించిన ఒక పుట్టగొడుగుని కూడా తీసుకుని, తన బుట్ట వైపు నడిచింది. ఏ బుట్టో చెప్పక్కర్లేదు, రెండూ ఆవిడకి ఒకటే.

ముప్ఫై అడుగుల అవతల పైన్ చెట్టు కింద కౌపో తమ డిస్కు పడ్డ చోట గుర్తుబిళ్ళ పెడుతున్నాడు. తార్వో భార్య ఎవెలికి తమ్ముడు. కిటికీలు చేసే వడ్రంగి. వేళ్ళంత సన్నగా, కొలతంత సూటిగా ఉంటాడు. నిరుడు జిల్లా పోటీ చివరి బుట్ట దగ్గర విసిరేటప్పుడు అతని బొటనవేలు గుర్తుబిళ్ళ దాటింది. చూసినవాడు లేడు. తనంతట తనే చెయ్యెత్తి, కాలు దాటింది, ఒకటి కలపండన్నాడు. తక్కువ విసుర్లవాడే గెలిచే ఆటలో ఆ ఒక్కటితోనే ఓడిపోయాడు. అప్పట్నుంచీ కివిస్తెలో ఏ లెక్కైనా సరిగ్గా ఉంటే ‘కౌపో లెక్క’ అంటారు. ఆ పేరు పెట్టింది తార్వోనే. ఎవరు కనిపించినా ఛాతీ ఉబ్బించి చెప్పుకునేవాడు: మా బావమరిది ఓడిపోయినంత గొప్పగా మీలో ఎవడూ గెలవలేదని.

ఆ మనిషి చేతికి సంచిలోని డిస్కు ఎలా వచ్చింది?

నడుస్తూ నడుస్తూ తార్వో ఒక దారి వెతికాడు. దొంగ సంచిలోంచి కావలసినవి తీసుకుని కుక్క కొరికిన పాత డిస్కుని ఏ పొదలోనో పారేసి ఉండొచ్చు. అది కౌపోకి దొరికి ఉండొచ్చు. ఎంత చక్కటి దారి. మూడు అడుగులు వేసేసరికి ఆ దారి మూసుకుపోయింది. అలా దొరికితే కౌపో దాన్ని పిన్ని కన్నా ముందు తనకే చూపించేవాడు. బావా, నీ దొంగ ఇటు వెళ్ళాడనేవాడు.

పోటీ అన్న మాటే గానీ అక్కడ ఉన్నది ఇద్దరే. తమతో కలిసి ఆడాల్సిన జంట వానకి భయపడి ఎనిమిదో బుట్ట దగ్గరే ఇంటికి పోయింది. ఇక వీళ్ళ లెక్క వీళ్ళే చూసుకోవాలి. వీళ్ళ తప్పులు వీళ్ళే చెప్పుకోవాలి. అవతలి మనిషి విసురుతుంటే పక్కవాడు మాట్లాడకూడదన్నది మైదానంలో పాత మర్యాద. తార్వో జీవితంలో నోరు మూసుకునే సందర్భం అదొక్కటే. ఈసారి ఆ మర్యాద కూడా పాటించలేదు.

“సల్మె పిన్ని డిస్కు నీకెక్కడ దొరికిందిరా?”

కౌపో డిస్కు పట్టుకున్న చెయ్యి వెనక్కి తీసుకుంటున్నాడు. ఆపలేదు.

“కాలవలో.”

“ఏ కాలవ?”

“ఆరో బుట్ట దగ్గర.”

“అక్కణ్ణుంచి దాన్ని తీసింది నేను. నా సంచిలో వేసుకుంది నేను.”

డిస్కు కౌపో చేతిలోంచి వెళ్ళిపోయింది. తడి ఆకుల మీద ముందుకాలు సర్రున జారి గుర్తుబిళ్ళ దాటింది. డిస్కు ఎదురుగా ఉన్న చెట్టుకి కొట్టుకుంది, ఆ చప్పుడు అడివంతా తిరిగి వచ్చింది. కౌపో కాసేపు కిందకి, తన బూటు వైపే చూశాడు.

“కాలు దాటింది బావా,” అన్నాడు. “ఒకటి కలుపుకో.”

తార్వోకి నవ్వొచ్చింది. ఆ నవ్వు వచ్చిన తీరుకి తనకే భయమేసింది. బొటనవేలు దాటితే చెప్పుకునే మనిషి, మొత్తం మనిషే దాటిపోతే మూడు వారాలు కిక్కురుమనలేదు. ఒకటి కలిపితే సరిపోతుందా, విరిగిన చెయ్యిని కూడా కలుపుకోవాలా అని అడిగాడు. కౌపో వంగి గుర్తుబిళ్ళ తీసి తుడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ తుడవడం అవసరమైనదాని కన్నా ఎక్కువసేపు సాగింది.

తార్వో దగ్గరగా వెళ్ళాడు. ఒకే రొట్టె తుంచుకుని తిన్న చేతులు, ఒకే కప్పులో కాఫీ తాగిన మూతులు, ఏళ్ళ తరబడి జంటగా ఆడిన ఆట, అన్నీ వరసపెట్టి అడిగాడు. ఏం తక్కువ చేశానన్నాడు. అమ్ముకున్నావా అన్నాడు. బట్టలాగ మెలిపెట్టి పిండుతున్నట్టు అడుగుతూనే ఉన్నాడు. చివరికి కౌపో చాలా నెమ్మదిగా, కిటికీ కొలత చెబుతున్నట్టు చెప్పాడు.

“నీ సంచి ఎక్కడికీ పోలేదు. మీ ఇంట్లోనే ఉంది. నేలమాళిగలో, బంగాళాదుంపల కింద.”

గాలి ఆగింది. లేకపోతే తార్వో చెవులే ఆగాయి.

“అక్క పెట్టింది,” అన్నాడు కౌపో.

* * *

మిగతాది కౌపో ఎక్కడా ఆగకుండా చెప్పాడు. ఇన్నాళ్ళూ గొంతులో వరస కట్టి నిలబడ్డ మాటల్లా ఒకదాని వెనక ఒకటి వచ్చాయి.

ఆగస్టులో ఎవెలి, కౌపోల అమ్మ పోయిన సాయంత్రం తార్వో ఇక్కడే ఉన్నాడు. మోగితే విసురు చెడుతుందని ఫోన్ కట్టేసి ఉంచాడు. ఎవెలి ఒక్కతే అంబులెన్సులో కూర్చుంది. ఒక్కతే తిరిగొచ్చింది. ఆ సంగతి తార్వోకి తెలియనిది కాదు. దానికి ఏడ్చాడు, క్షమించమన్నాడు, సమాధి మీద హీథర్ మొక్కలు కూడా తనే నాటాడు. తెలియనిది ఇంకొకటుంది.

“అమ్మ పోయిందని సల్మె పిన్ని వెతుక్కుంటూ వచ్చి నీకు తొమ్మిదో బుట్ట దగ్గర చెప్పింది కదా. నువ్వు ఆ బుట్ట పూర్తి చేసి వచ్చావట బావా. రెండు విసుర్లు. పిన్ని తప్పుపట్టలేదు. షాక్‌లో అలా చేశాడు పాపం అని అక్కతో జాలిగానే చెప్పింది. అక్క ఆ జాలిని మింగలేకపోయింది.”

తార్వో ఏదో అనబోయాడు. నిజానికి ఆ రెండు విసుర్లు అతనికి గుర్తులేవు. గుర్తులేవు అనడం ఎంత తేలికో, నమ్మించడం ఎంత కష్టమో బస్సులో పిల్లలు అతనికి రోజూ చూపిస్తూనే ఉంటారు.

ఆ తర్వాత కూడా సాయంత్రం కాగానే సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయేవాడు. ఒక వారం ఆ సంచి కనపడకుండా ఉంచు, ఇల్లు కనపడుతుందేమో చూద్దాం అని ఎవెలి తమ్ముణ్ణి అడిగింది. కోపంగా కాదు, అలసిపోయి అడిగింది. కౌపో సరే అన్నాడు. పదో బుట్ట దగ్గర బెంచీ మీంచి తీసుకెళ్ళి నేలమాళిగ మెట్ల మీంచి అక్కకి అందించాడు. ఆదివారం నాడు భోజనాల బల్ల మీద పెట్టి అందరూ నవ్వుకోవాలన్నది వాళ్ళ ఆలోచన.

“ఇచ్చేముందు తెరిచి చూశాను. పిన్ని డిస్కు కనపడింది. నీ డిస్కుల సంగతి మన ఇంటి గొడవ, వాటికేం. ఇది పరాయివాళ్ళది. నంబరుంది. ఫోన్ చెయ్యకుండా ఎలా ఉంటాను?”

నిజంగానే అడిగాడు. తార్వో అతని మొహంలోకి చూశాడు. సంచి ఎత్తుకుపోయినవాడు అందులో దొరికిన డిస్కుకి ఫోన్ చేసి ఇంటికెళ్ళి ఇచ్చి వచ్చాడు. దొంగల్లో ఇంత దొర ఎక్కడా ఉండడు. ఆ ఫోనే తనని పట్టిస్తుందని కౌపోకి తట్టనే లేదు. ఇప్పుడు కూడా అది పొరపాటు అనుకోవడం లేదు. అతని లెక్కలో పొరపాట్లు వేరే ఉన్నాయి, వాటి మీదే తల వంచుకున్నాడు.

ఎందుకంటే ఆదివారం రాకముందే ఆ సాయంత్రం వచ్చింది. సాసేజీల పొయ్యి దగ్గర తార్వో నోరు తెరిచాడు. మొదట ఎవరో రష్యన్‌లా కనపడ్డాడన్నాడు. పక్కవాడు గెన్నాదా అన్నాడు. అయ్యుండొచ్చు అన్నాడు. ఇంకొకడు బీరు అందించాడు. బీరు అయ్యేసరికి అయ్యుండొచ్చు కాస్తా అతనే అయ్యింది. కోటు వచ్చింది, దానికి బూడిద రంగు వచ్చింది. వీపు వంగిన తీరు అభినయించి చూపించేసరికి అందరూ పగలబడి నవ్వారు. అలా తార్వో మాటలకి ఊరు బుట్టలో పడింది.

“నేను అప్పుడే చెబుదామని లేచాను. అక్క నా చెయ్యి పట్టుకుంది. మీ బావ ఎవర్నీ చూడలేదు, ఆ సంగతి మీ బావకి తెలుసు, తెల్లారేసరికి తనే సర్దుకుంటాడు, ఆ మాత్రం ఉంటుంది ఆయనలో అంది.” కౌపో చెప్పుకుపోయాడు. “రోజూ అదే అనేది. ఈ రోజు చెబుతాడు చూడు అనేది. తర్వాత గెన్నాది చెయ్యి విరిగింది. ఇక మేం నోరు విప్పితే ఆ చెయ్యి మా లెక్కలో పడుతుంది. నువ్వు విప్పితే నీ లెక్కలో. ఎవరూ విప్పలేదు.”

అంటే ఎవెలి మూడు వారాలుగా అతనికి కాఫీ పోసిన ప్రతిసారీ, రొట్టె కోసిన ప్రతిసారీ, ఈ మనిషి ఈ పూట చెబుతాడా అని చూసిందన్నమాట. అతను బల్ల దగ్గర కూర్చుని సంచి దొంగని తిట్టుకుంటుంటే ఆవిడ కిందకి దిగి అదే సంచి మీంచి బంగాళాదుంపలు ఏరుకొచ్చి వండి పెట్టింది. అతను ఆ దుంపలు తిని, బాగున్నాయన్నాడు.

పన్నెండో బుట్ట మిగిలే ఉంది. కౌపో చెట్టు కింద పడ్డ డిస్కు తీసుకున్నాడు గానీ ఇంక విసరలేదు. లెక్క చీటీ మీద తన కాలి తప్పు తనే రాసుకున్నాడు. ఆట ఆపేస్తున్నామని కూడా రాశాడు. తర్వాత, సంచి సంగతి బయటపెట్టినప్పట్నుంచీ నిజమే మాట్లాడిన ఆ మనిషి, అదే గొంతుతో ఇంకో మాట అన్నాడు.

“బావా, ఒక దారుంది. నువ్వు బూడిద రంగు కోటు చూశావన్నావు కదా. ఈ కోటు నాదే.” తన ఒంటి మీది తడిసిన కోటుని చూపించాడు. “నిజంగానే వీపు చూశాను, వర్షంలో గెన్నాది అనుకున్నాను, తీరా అది మా కౌపో అను. నేనూ అవునంటాను. పొరబడ్డావంటారు. అబద్ధమాడావనరు. గెన్నాది బయటపడతాడు, నువ్వూ బయటపడతావు.”

“ఆ రోజు నువ్వు ఈ కోటు వేసుకున్నావా?”

“లేదు. ఆకుపచ్చది.”

నిరుడు బొటనవేలి కోసం కప్పు వదులుకున్నవాడు ఈ రోజు బావ కోసం వదులుకోవడానికి ఇంకేం మిగిలిందా అని వెతికి, నిజమే చెబుతాడన్న పేరొక్కటీ దొరకబుచ్చుకుని చేతిలో పెడుతున్నాడు. తీసుకోమని బతిమాలుతున్నాడు. పోయిన వస్తువు తిరిగి ఇస్తున్నంత మర్యాదగా.

* * *

ఇద్దరూ ఇంటిదారి పట్టారు. శానిటోరియం గోడ పక్కన రోవన్ కాయలు రాలి నేలంతా ఎర్రగా ఉంది. మూడో బుట్ట దాటుతుంటే తార్వో కళ్ళు దాని మెడ మీది అతుకు దగ్గర ఆగాయి. వేసవిలో గొలుసుల చట్రం విరిగి వేలాడుతుంటే గెన్నాది తన సొంత మిషను ట్రాలీ మీద లాక్కొచ్చి అతికించాడు. ఆ రోజు తార్వో పక్కన నిలబడి, నీ చేతివాటం అదిరింది గెన్నాదీ అన్నాడు. పనితనం అనే అర్థంలోనే అన్నాడు. గెన్నాది నవ్వాడు కూడా. అదే మాటకి ఇంకో అర్థం ఉందని, అది కూడా తన నోటినుంచే ఊరికి అందుతుందని అప్పుడు ఇద్దరికీ తెలియదు.

మనసులో ఇంకో లెక్క సాగుతోంది. కౌపో ఇచ్చిన దారి నిజంగా గట్టిదే. ఎవరు కాదనగలరు? సంచి తెచ్చినప్పుడు తమ్ముడు ఏ కోటు వేసుకున్నాడో ఎవెలి చూడలేదు, పొయ్యి దగ్గరికి అతను కోటు విప్పేసి వచ్చాడు. సంచి అందుకున్నప్పుడు ఆవిడ నేలమాళిగలో ఉంది, కౌపో మెట్ల మీంచి జారవిడిచి వెళ్ళిపోయాడు. గెన్నాదికి కావలసింది తన పేరు తుడిచెయ్యడం, అది తుడుచుకుపోతుంది. పిల్లల్ని రోజూ బడికి చేర్చే మనిషి అబద్ధాలకోరని తేలితే బస్సు తాళాలు ఎవరు చేతిలో పెడతారు? వీధి మలుపు వచ్చేసరికి తార్వోకి ఆ వీపు నిజంగానే కనపడటం మొదలైంది. ఆల్డర్ ఆకుల మధ్య, బూడిద రంగులో, వానలో. తను ఇంత బాగా చూసినదాన్ని చూడలేదని ఎలా అంటాడు?

మలుపు తిరిగాక ఆ వీపు చెదిరిపోయింది. ఐవర్ కారు అప్పటికే వాకిట్లో ఉంది. చెప్పిన వేళకన్నా ముందే వచ్చాడు. ఇంటి పక్కన నేలమాళిగ చెక్క తలుపు బార్లా తెరిచి ఉంది. మెట్ల మీద మట్టి, ఎవరో బరువైనది పైకి లాక్కొచ్చిన గీతలు.

కౌపో గుమ్మంలో తడి కోటు విప్పి కొక్కేనికి తగిలించాడు. అది అక్కడ వేలాడుతూ నీళ్ళు కార్చసాగింది.

వంటింట్లో బల్ల మీద మైనపు గుడ్డ, గుడ్డ మీద సంచి. పట్టీల్లో ఎండిన మన్ను, ఒక జిప్పు సందులో చిన్న బంగాళాదుంప ఇరుక్కుని ఉంది. ఐవర్ దానికి కాస్త దూరంగా కాఫీ కప్పు పట్టుకుని కూర్చున్నాడు. యూనిఫాంలో ఉన్నా, ఎవరో పోయిన ఇంటికి వచ్చిన మనిషిలా ఉన్నాడు. ఎవెలి పొయ్యి పక్కన నిలబడి ఉంది. చేతులు కడుక్కోలేదు, గోళ్ళలో మన్ను.

“నా వంతు చెప్పేశాను,” అంది భర్తతో. “దాచింది నేను. తెచ్చింది నా తమ్ముడు. ఇప్పటిదాకా నోరు మూసుకుంది ఇద్దరం. సంతకం కూడా పెట్టాను. చూసిన వంతు నీకు వదిలేశాను.”

తార్వో కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాపాడు. కుర్చీ ఖాళీగా లేదు. తలుపు వెనక, గుమ్మంలోంచి చూస్తే కనపడని మూలలో, గెన్నాది కూర్చుని ఉన్నాడు. పిండికట్టు చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, పసిపిల్లాణ్ణి పట్టుకున్నట్టు రెండో చేత్తో పట్టుకున్నాడు. ఒంటి మీద నారింజ రంగు పనికోటు, భుజాల మీద నిప్పురవ్వలు కాల్చిన చిల్లులు. ఎవెలి స్వయంగా వెళ్ళి పిలుచుకొచ్చిందట. అతని ముందు కాఫీ ఉంది. ముట్టుకోలేదు.

కివిస్తెలో తార్వో నోటికి మాట అందకపోవడం ఎవరూ చూడలేదు. పెళ్ళిళ్ళలో, చావుల్లో, టైరు పగిలినప్పుడు, మంచులో బస్సు కూరుకుపోయినప్పుడు, ఏదో ఒక మాట అతని నాలుక చివర సిద్ధంగా ఉండేది. ఇప్పుడూ నోరు తెరిచాడు, అలవాటుగా. ఏమీ రాలేదు.

ఐవర్ కప్పు కింద పెట్టి, ఎటూ చూడకుండా, ఇంటి సంగతి వాళ్ళు వాళ్ళు చూసుకోవచ్చన్నాడు. సంచి దొరికింది కాబట్టి దొంగతనం కేసు లేదన్నాడు. చెయ్యి విరిగిన కేసు మాత్రం ఉందన్నాడు. ఆ ఇద్దరు కుర్రాళ్ళని పొద్దున స్టేషన్‌కి పిలిచారట. తార్వో చూశానన్నాడు కాబట్టే కొట్టామని వాళ్ళు చెప్పారట. అందుకని ఆ మాట ఒక్కటి ఇప్పుడు సరిగ్గా తెలియాలన్నాడు.

“నేను అడగొచ్చా?” అన్నాడు గెన్నాది.

ఐవర్ తల ఊపాడు.

గెన్నాది మాటలో కోపం లేదు. అది ఉంటే తార్వోకి కాస్త తేలికయ్యేది.

“నాకు బూడిద రంగు కోటు లేదు తార్వో గారూ. ఎప్పుడూ లేదు. వేసవీ చలీ ఇదొక్కటే. మీకూ తెలుసు, బుట్టలు అతికించేటప్పుడు పక్కనే నిలబడేవారు. హాస్పిటల్లో పడుకుని అదే ఆలోచించాను. మీరు చూశానన్నారు, అందరూ నమ్మారు, కొన్నాళ్ళకి నాకే అనుమానమొచ్చింది. మీరు చూసింది ఎవర్ని?”

గుమ్మంలో కొక్కేనికి వేలాడుతున్న కోటు నుంచి నీటిచుక్కలు నేల మీద పడుతున్నాయి. గెన్నాది కళ్ళు ఆ చప్పుడు వైపు తిరిగాయి, కోటు మీద ఆగాయి. ఐవర్ కూడా అటు చూశాడు. కౌపో, బావ కళ్ళలోకి సూటిగా చూసి, ఎవరికీ కనపడనంత చిన్నగా తల ఊపాడు.

ఎవెలి మాత్రం కోటు వైపు చూడలేదు. మూడు వారాలుగా ఎక్కడ చూస్తోందో అక్కడే, భర్త మొహంలోకే చూస్తోంది.

జవాబుకి ఒక్క మాట చాలు. కౌపోని అనొచ్చు. ఎవర్నీ కాదు అనొచ్చు. రెండూ చిన్నవే, రెండూ అప్పటికే నాలుక మీదికి వచ్చి నిలబడ్డాయి. తార్వో కుర్చీ లేకుండానే, రెండు కాళ్ళ మీదా నిలబడి, ఊపిరి తీసుకున్నాడు.

“నేను చూసింది,” అన్నాడు.